బావ వదిలిన ఖాళీలు

మా ఊరి రేవులో ఒక పంటు ఉండేది. రెండు పెద్ద పడవలను పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, ఒక మూల డీజిల్ ఇంజను కూర్చోబెడితే అది పంటు. గౌతమి పాయకు ఇవతల మేము, అవతల మిగతా ప్రపంచం. ఆ ప్రపంచం మొహం చూడాలంటే మనుషులు, సైకిళ్ళు, గేదెలు, పెళ్ళివారు, వాళ్ళ బూరెల గంపలు, అన్నీ ఆ పంటే ఎక్కాలి. ఇంజను తిప్పితే అవతలి ఒడ్డున కొబ్బరికాయలు వాటంతటవే రాలేవని నేను చాలామందికి చెప్పాను. ఎవరూ కాదనలేదు. పంటు మీద చెప్పాను కాబట్టి ఎవరికీ వినపడలేదు.

ఆ ఇంజనుకు ఒక అవలక్షణం ఉంది. మూడు దెబ్బలు కొట్టి నాలుగోది మింగేసేది. డుబు, డుబు, డుబు, ఆ తర్వాత ఏమీ లేదు. మళ్ళీ డుబు, డుబు, డుబు. ఆ మింగిన చోట పంటు మీదున్న వాళ్ళందరి గుండె ఒకసారి ఆగి, ఇంజను మళ్ళీ అందుకోగానే ఆడేది. మా ఊరివాళ్ళు పుట్టుకతోనే ఆ లెక్కకు అలవాటుపడి, నడిచేటప్పుడు కూడా మూడడుగులు వేసి ఒక క్షణం ఆగేవారని నా నమ్మకం. రాజమండ్రి వెళ్ళినప్పుడు వెనకాల వచ్చేవాళ్ళు మమ్మల్ని గుద్దుకోవడానికి ఇంతకన్నా వేరే కారణం కనపడదు.

బావా నేనూ పాటలు కట్టింది ఆ ఇంజను మీద. బావ అంటే నాకు ఏ వరసలోనూ బావ కాడు. మా వైపు ఇద్దరు మగపిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటే చాలు, బావలైపోతారు. వాడిది మైకుసెట్టు వ్యాపారం. నేను కాన్వెంటులో లెక్కల మేష్టారిని. తొంభైలలో పెళ్ళిళ్ళకు, తీర్థాలకు, వినాయకచవితి పందిళ్ళకు ఇద్దరం జానపదాలు పాడేవాళ్ళం. జానపదాలు అంటే జనం పాడుకునేవని కదా అర్థం, మావి మేము కట్టి మేమే పాడుకునేవి. మేమూ జనమే అని బావ వాదన.

వాడి చెవి వేరు, నా చెవి వేరు. నాది పంటు చెవి. వాడిది మగ్గం చెవి. వాళ్ళమ్మగారి పుట్టిల్లు ఉప్పాడ. చీరలు నేసే ఇల్లు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని వాళ్ళ తాతగారు నేస్తుంటే, పేక దారం మోసే నాడె ఇటునుంచి అటు వెళ్ళి టక్కుమనగానే ఆవిడ ఒక ముక్క కూనిరాగం తీసేదట, అటునుంచి ఇటు వచ్చి టక్కుమంటే ఇంకో ముక్క. ఆ ఇంటిని తర్వాత సముద్రం తీసుకుపోయింది. ముందు పెరడు, తర్వాత వంటగది, ఆ తర్వాత మగ్గం గుంట. ఇల్లు పోయినా ఆవిడ కూనిరాగం పోలేదు. మా ఊళ్ళో అప్పడాలు ఒత్తుతూ కూడా అలాగే ముక్కలు ముక్కలుగా పాడేది. బావ పాడితే అందుకే ఇటునుంచి అటు వెళ్ళి, కాసేపు ఆగి, తిరిగొచ్చినట్టుండేది. నేను ముప్పొద్దులా ఏరు దాటే మనిషిని, దభదభా కొట్టుకుపోయేవాణ్ణి.

ఇక శ్రుతి సంగతి. మాకు హార్మణీ లేదు. మైకు పెట్టగానే వాడి హారన్లు కుయ్యిమని ఒక కూత కూసేవి, ఊళ్ళో కుక్కలన్నీ లేచి నిలబడేలా. మేము అదే శ్రుతి అనుకుని ఎత్తుకునేవాళ్ళం. ఎండాకాలంలో ఒకలా, వానాకాలంలో ఒకలా కూసేది కాబట్టి మా పాటలు కూడా రుతువులను బట్టి మారేవి. పెద్ద పెద్ద విద్వాంసులకు కూడా ఇంత సూక్ష్మత లేదు.

పాట కట్టే పద్ధతి మాత్రం మేము నాట్లలో నేర్చుకున్నాం. ఒకసారి గట్టు మీద నిలబడి వింటున్నాం. చేలో ఆడవాళ్ళు రెండు జట్లుగా వంగి నారు ఊడుస్తున్నారు. ఒక జట్టు పాటలో ఏదో అడుగుతోంది, ఇంకో జట్టు జవాబు చెబుతోంది. అడిగేవాళ్ళకు జవాబు ముందుగా తెలియదు. వినగానే అందరూ కలిసి నవ్వుతున్నారు.

వాళ్ళలో ఒకావిడ నడుం ఎత్తి మావైపు చూసింది.

"ఏవండీ మేష్టారూ, ఊరికే వింటారేంటండీ. దిగి రెండు కట్టలందించండి."

"మాకు రాదండి" అన్నాను.

"వినడం వచ్చిందిగా, ఇదీ వచ్చేస్తదిలెండి. మీ బావగారు చూడండి, ఎంత బుద్ధిగా దిగారో."

బావ అప్పటికే పంచె ఎగ్గట్టి మోకాలి లోతులో ఉన్నాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని దిగాను. అందులో ఒకటి ఇప్పటికీ ఆ చేలోనే ఉంది. ఆ ఏడు ఆ మడిలో పంట బాగా పండిందంటే నా తోలుచెప్పు చలవే.

ఆ రోజు పెట్టుకున్నాం నియమం. అడిగే సగం నాది, జవాబు సగం వాడిది. ఒకరి సగంలో ఒకరు వేలు పెట్టకూడదు, ముందుగా చెప్పుకోకూడదు. పాట జనం ముందు పాడినప్పుడే వాడి జవాబు నేను మొదటిసారి వినాలి. ఇలాంటి నియమం పెట్టుకున్న పాటగాళ్ళు లోకంలో ఇంకెవరూ ఉండరు, ఉంటే వాళ్ళను వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. నేను డోలక్ మీద మూడు దెబ్బలేసి, నాలుగోది వెయ్యకుండా వాడి మొహం చూసేవాణ్ణి. ఆ ఖాళీలో వాడు అందుకునేవాడు.

"వంకాయ కూరలో ఉప్పెవరు వేశారు?" అని నేను ఒక పెళ్ళిలో అడిగాను. ఆ రోజు కూర సంగతి తిన్నవాళ్ళకు తెలుసు.

"అత్తేసె, కోడలేసె, ఆపైన మావేసె" అన్నాడు బావ.

పందిరి గుంజలు ఊగాయి. వియ్యపురాలు మాత్రం మా ఇద్దరికీ తాంబూలం ఇవ్వలేదు.

ఇంకొకటి మెత్తటిది. పంటు మీద పొద్దువాలే వేళ కట్టింది.

"ఏటికవతల దీపమెవరింటిదో?"

"నీళ్ళలో చూడరా, నీ ఇంటిదే."

ఈ జవాబు విన్న రోజు నేను రెండో చరణం మర్చిపోయి డోలక్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. జనం పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు.

జానపదాల మీద పరిశోధన చేస్తున్న ఒక పెద్దాయన కొవ్వూరు వైపు తీర్థంలో మా పాట విని చెట్టు కిందికి పిలిచారు. మూడు దెబ్బలేసి నాలుగోది వదిలెయ్యడం ఎంతో పురాతనమైన నడకట. అది ఏ గురువు దగ్గర అబ్బిందని అడిగారు.

బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "గురువుగారు రేవులో ఉంటారండి. మంచి గొంతండి. పొగ మాత్రం బాగా తాగుతారండి."

"పెద్దవారా?"

"బాగా పెద్దవారండి. నూనె లేకపోతే గొంతు పెగలదండి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఒకసారి దర్శనం చేయించమన్నారు. మరునాడు పంటెక్కించి గురువుగారిని చూపించాం. ఆయన మంచివారు, ఏరు దాటేంతవరకు నవ్వుతూనే ఉన్నారు. దిగేటప్పుడు ఇంజనుకు నమస్కారం కూడా పెట్టారు.

ఆ తొంభైలు అయిపోతుండగా బావ మస్కట్ వెళ్ళిపోయాడు. ఇళ్ళల్లో టేపురికార్డర్లు, పెళ్ళిళ్ళలో డబ్బాలంత స్పీకర్లు వచ్చి వాడి హారన్లకు పని తగ్గింది. మా వైపు ప్రతి వీధికీ ఒకరిద్దరు గల్ఫులో ఉండేవారు. కరెంటు పని తెలిసినవాడు కాబట్టి వీసా తొందరగానే వచ్చింది. వెళ్ళేరోజు నేను అవతలి ఒడ్డు దాకా పంటు మీద వెళ్ళాను. వాడి పెట్టె మీద ఇద్దరం కూర్చున్నాం. ఇంజను మూడు కొట్టి ఒకటి మింగుతోంది. నాకు నోట్లోకి ఒక ముక్క వచ్చింది, పాడేశాను.

"అవతలొడ్డెంత దూరమో సెప్పరా బావా?"

నాలుగో దెబ్బ ఖాళీ వచ్చింది. వాడు అందుకోలేదు. ఇంకోసారి పాడాను. ఇంకో ఖాళీ వచ్చింది. వాడు పెట్టె తాళం వంక చూస్తున్నాడు. అంతలో పంటు ఒడ్డుకు తగిలి, గేదెలన్నీ ఒకేసారి దిగాయి.

"ఇది బాకీరా బావా, తర్వాత చెప్తా" అని పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సెక్కాడు.

ఆ తర్వాత నా సంగతి. ఏరు దాటి పాటకు వెళితే మనిషికి ఒక నోరే ఉంటుందన్న విషయం నాకు అప్పుడు తెలిసింది. మా కాన్వెంటులో తెలుగు మేష్టారిని జతగా పెట్టి చూశాను. ఆయన గొంతు మంచిదే, కానీ జవాబు చెప్పే ముందు ప్రతిసారీ ప్రశ్నలో తప్పులు దిద్దేవాడు. ఆ జంట ఒక్క పెళ్ళితో విడిపోయింది.

ఆఖరికి ఒంటరిగానే పాడదామని ఒక తీర్థంలో ఎక్కాను. రెండు సగాలూ నావే అనుకున్నాను. "వంకాయ కూరలో ఉప్పెవరు వేశారు" అని అడిగి, మూడు దెబ్బలేసి, నాలుగోది వదిలి, పక్కకు తిరిగాను. పక్కన ఎవరూ లేరు. నోరు తెరుచుకోలేదు. జవాబు నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు. కానీ అది నా సగం కాదు. చేతులు మాత్రం ఆగకుండా మళ్ళీ మూడేసి, మళ్ళీ ఒకటి వదిలేశాయి. అలా మైకు ముందు నేను డోలక్ వాయిస్తూ, పక్కనున్న గాలివంక మర్యాదగా చూస్తూ చాలాసేపు ఉన్నాను. మొదట జనం నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు. అదే నాకు ఇంకా గుచ్చుకుంది. వెనక వరసలోంచి ఒక ముసలాయన జాలిపడి, "అత్తేసె కదండీ" అన్నాడు. ఆయనకు నమస్కారం పెట్టి దిగిపోయాను. మళ్ళీ మైకు ముందుకు వెళ్ళలేదు.

డోలక్‌ను మా ఇంట్లో బియ్యం డబ్బా మీద పెట్టాను. దాని మీద మా ఆవిడ వడియాల చాట పెట్టింది. "ఊరికే ఉందిగదాని పెట్టానండి" అంది. నిజమే, ఊరికేనే ఉంది. నేను కూడా ఊరికేనే ఉన్నాను. నామీద చాట పెట్టలేదంటే అది ఆవిడ మంచితనం.

సాయంత్రాలు రేవుకు వెళ్ళి పంటెక్కి అవతలికి వెళ్ళేవాణ్ణి, దిగకుండా అదే పంటు మీద తిరిగొచ్చేవాణ్ణి. పంటు నడిపే సరంగు నన్ను చూసి టిక్కెట్టు అడగడం మానేశాడు. ఒకసారి మాత్రం అడిగాడు, "మేష్టారూ, ఎవరికోసవండీ?" అని. "ఎవరికోసమూ కాదండి, ఇంజను వినడానికి" అన్నాను. "మా ఆవిడ నిద్రలో కూడా ఈ చప్పుడే ఇనపడతందని తిడతాదండి. మీరేమో కోరి వింటున్నారు" అని చుట్ట వెలిగించుకున్నాడు.

ఏడాది తిరక్కుండానే బావ దగ్గరనుంచి ఒక క్యాసెట్టు వచ్చింది. శెలవుమీద వచ్చే ఎవరో ఒకరు, పులిబొమ్మ కంబళ్ళతో, సెంటు సీసాలతో పాటు తెచ్చి ఇచ్చేవారు. ఆ రోజుల్లో గల్ఫు నుంచి ఉత్తరాలు తక్కువ, మాటలు నింపిన క్యాసెట్లు ఎక్కువ. వాడి క్యాసెట్టు మాత్రం సగమే నిండింది. టేపురికార్డరులో పెట్టి నొక్కాను. చాలాసేపు ఏమీ లేదు, ఏసీ గురక తప్ప. ఆ తర్వాత వాడి గొంతు.

"బావా, గదిలో వీళ్ళంతా నైటు డ్యూటీ చేసొచ్చి పడుకున్నార్రా. కంబళి నెత్తిన కప్పుకుని పాడుతున్నా. జవాబులు మాత్రమే పాడతా. మధ్యలో ఖాళీలు వదుల్తా. నీ సగం నువ్వు పాడుకో. లెక్క తప్పకు."

మేష్టారిని పట్టుకుని లెక్క తప్పకు అన్నాడు. అయినా నిజంగానే అలా పాడుకున్నాను. చాట తీసి, డోలక్ దులిపి, టేపు నొక్కి, ఖాళీలో నా ప్రశ్న పెట్టేవాణ్ణి. ఏసీ గురక మధ్యలోంచి జవాబు వచ్చేది. బ్యాటరీలు అరిగిపోతే బావ గొంతు బొంగురుపోయి, నెమ్మదిగా, సముద్రం అడుగునుంచి మాట్లాడుతున్నట్టు వచ్చేది. నేనూ నా శ్రుతి దించుకుంటూ దించుకుంటూ, ఆఖరుకు గోవు ఈనేటప్పటి గొంతుతో పాడేవాణ్ణి. మా పక్కింటివాళ్ళు ఒకసారి పశువుల డాక్టరును తీసుకొస్తామన్నారు.

నేను కూడా కొత్త ప్రశ్నలు కట్టి, ఖాళీలు వదిలి పంపేవాణ్ణి. వాడు జవాబులు పంపేవాడు. కొత్త పాటలు అలా పుట్టాయి, మనిషి మనిషిని చూడకుండా. ప్రతి క్యాసెట్టు చివర నేను పంటు మీద అడిగిన ఆ ఒక్కటే మళ్ళీ పాడేవాణ్ణి. "అవతలొడ్డెంత దూరమో సెప్పరా బావా?" వాడు అన్నిటికీ జవాబిచ్చేవాడు, దానికి తప్ప. "అది తయారవుతోందిరా" అనేవాడు. ఒకసారి అదీ అనలేదు. దానికి జవాబు వస్తే మేమింకా జంటే, రాకపోతే నేను టేపురికార్డరుతో పాడుకునే ఒక లెక్కల మేష్టారిని. అంతకుమించి నాకు వేరే పరీక్ష కనపడలేదు. ఖాళీలు మాత్రం పోనుపోను పొడుగయ్యాయి. నా ప్రశ్న అయిపోయాక కూడా ఏసీ ఇంకా గురకపెడుతూ ఉండేది. ఆ మిగిలిన చోట బావ ఏం చేస్తున్నాడో అని చెవి టేపురికార్డరుకు ఆనించి వినేవాణ్ణి. ఏమీ చేసేవాడు కాదు. ఒక్కసారి మాత్రం ముక్కు పీల్చాడు. జలుబు అయ్యుంటుంది.

ఇంతలో ఏటి మీద వంతెన వచ్చింది. నేనూ అందరితో పాటు వెళ్ళి దాని మీద నడిచి, చాలా బాగుందన్నాను. బాగుంది కూడా. ఏరు దాటడానికి ఇదివరకు ఒక పాట పట్టేది, ఇప్పుడు ఒక తుమ్ము చాలు. వంతెన వచ్చిన కొద్దిరోజులకే పంటు ఆగింది.

సరిగ్గా అప్పుడు బావ క్యాసెట్టు. "బావా, ఆ ఒక్క పాట ఎంతకీ రావట్లేదురా. ఇక్కడ ఏసీ చప్పుడొకటే, దాంట్లో దెబ్బ లేదు, ఉత్త సాగదీతే. పంటు చప్పుడు కాస్త పట్టి పంపరా. అది వింటే వస్తది."

టేపురికార్డరు సంచిలో పెట్టుకుని రేవుకు పరుగెత్తాను. పంటు ఒడ్డు మీద ఒరిగి ఉంది. బల్లల మధ్య ఇంజను ఉండే చోట నూనె మరక మాత్రమే ఉంది. సరంగు అరటితోటలో కనపడ్డాడు.

"ఇంజనమ్మేశామండి. రొయ్యల చెరువుకి. నీళ్ళు తోడుతందండి ఇప్పుడు."

రొయ్యల చెరువు రైతు పెద్ద మనసున్న మనిషి. కొబ్బరిబొండం కొట్టించి, కుర్చీ వేయించి, నేను వచ్చిన పని విని మళ్ళీ చెప్పమన్నారు.

"ఏవండీ, ఇంజను పాట పట్టుకెళ్తారా?"

"అవునండి. మా బావకు పంపాలండి, మస్కట్‌కి."

"రొయ్యలు పంపమంటే విన్నాను గానండి, ఇంజను పంపమనడం ఇదే వినడం. కానివ్వండి."

ఇంజను తిప్పించారు. నేను టేపు నొక్కి, కళ్ళు మూసుకుని విన్నాను. డుబు, డుబు, డుబు, డుబు. నాలుగూ ఉన్నాయి. మళ్ళీ విన్నాను. ఒక్కటి కూడా మింగలేదు, బడిపిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు కొడుతోంది.

"ఇది మా పంటు ఇంజనేనాండీ?"

"అదేనండి. కుంటుతుంటే మెకానిక్కుని పెట్టి బాగుచేయించేశానండి. ఇప్పుడు గడియారంలా ఉంది చూడండి."

ఆయన మొహం ఎంత సంతోషంగా ఉందంటే, నేను కూడా చాలా బాగుందన్నాను. బొండం నీళ్ళు తాగి, టేపు ఆపి వచ్చేశాను. దారిలో చెరువుగట్ల మీద అలాంటి ఇంజన్లు చాలా కొడుతున్నాయి. అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి.

ఇంటికొచ్చి పాత కిరసనాయిలు డబ్బా బోర్లించి, మూడు దెబ్బలేసి ఒకటి వదిలి, నోటితో పొగ వదులుతున్నట్టు ఉఫ్‌మంటూ, క్యాసెట్టు ఒకవైపంతా కొట్టాను. మధ్యలో గేదె అరుపు కూడా నేనే అరిచాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి వెళ్ళి చిల్లర తెచ్చుకుని, మా మామగారికి ఫోను చేయడానికి ఎస్టీడీ బూత్‌కు వెళ్తానంది. క్యాసెట్టు చివర ఉన్నదున్నట్టు చెప్పాను. "బావా, పంటు లేదురా. ఇంజనుకు కుంటుడు తీసేశారు. ఇది నేనే."

జవాబు రావడానికి చాలాకాలం పట్టింది. అది క్యాసెట్టులో రాలేదు. బావే వచ్చాడు, శెలవుమీద. బస్సులో, వంతెన మీదుగా. ముందు అన్నవరం వెళ్ళి సత్యనారాయణస్వామి వ్రతం చేయించుకుని, ఆకులో ప్రసాదం పట్టుకుని, మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. ఒళ్ళు చేశాడు. జుట్టుకు రంగేశాడు. నేను మాత్రం బట్టతలకు ఏమీ చేసుకోలేక అలాగే ఉన్నాను.

"పంటువి నువ్వేరా బావా. కాకపోతే కాస్త పొగ తక్కువ" అన్నాడు గుమ్మంలోనే.

అప్పుడే పాడదామన్నాడు. డోలక్ తీశాను. ఎదురెదురుగా చాప మీద కూర్చున్నాం. నేను అడిగాను. మూడు దెబ్బలు, ఖాళీ. వాడు అందుకోలేదు. నేను ఆగాను. వాడు నావంక చూశాడు, నేను వాడివంక చూశాను. ఇద్దరం ఏదో చప్పుడు కోసం చూస్తున్నాం. అప్పుడు ఇద్దరం ఒకేసారి ఎత్తుకుని, ఒకేసారి ఆగిపోయాం. మళ్ళీ మొదలుపెట్టాం. నేను ప్రశ్న అవగానే కళ్ళు కిందికి దించి, టేపు వైపు వంగినట్టు చాప వైపు వంగిపోతున్నాను. వాడేమో జవాబు చెప్పాక తల మీదికి చెయ్యి పోనిచ్చి, లేని కంబళి సర్దుకుంటూ, ఏసీ గురకపెట్టేంతసేపు ఆగుతున్నాడు. ఎన్నేళ్ళుగానో ఖాళీలకు పాడి పాడి, ఎదురుగా మనిషి ఉంటే ఎక్కడ ఆగాలో ఇద్దరికీ తెలియకుండా పోయింది.

వంకాయ కూర కూడా రాలేదు. బావ నవ్వబోయి మానేశాడు.

"పెద్దవాళ్ళమైపోయాం గదరా" అన్నాడు.

నేను డోలక్ తాళ్ళు బిగించినట్టు నటించాను. అది ఎక్కడా వదులుగా లేదు.

మా ఆవిడ కాఫీ తెచ్చి మా ఇద్దరినీ చూసింది.

"ఏంటండీ, కరెంటు పోయిన ఇంట్లోలా కూర్చున్నారు. అన్నయ్యగారూ, మీకు మనిషి అడ్డవండి. మా ఇంట్లో ఈయన రోజూ ఆ టేపు డబ్బాతో బాగానే పాడతారు. గోడకటూ ఇటూ కూర్చోండి ఇద్దరూ."

"నిజమే చెల్లెమ్మా" అని బావ కాఫీ గ్లాసు పట్టుకుని వసారాలోనే ఉండిపోయాడు. నేను డోలక్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, గ్యాసుబండ పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. మా ఆవిడ చారులో పోపు వేస్తోంది.

అడిగాను. గోడవతల నుంచి జవాబు వచ్చింది, సరిగ్గా ఖాళీలో. ఇంకొకటి అడిగాను. వచ్చింది. వంకాయ కూర, ఏటి దీపం, మస్కట్ పాటలు, అన్నీ వచ్చాయి. మగ్గంలో నాడె వెళ్ళినట్టు గోడకు ఇటునుంచి అటు వెళ్ళి, కాసేపు ఆగి, తిరిగొచ్చాయి. బావ గొంతు ఏ బ్యాటరీ లేకుండా నిండుగా వస్తోంది. ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం, మధ్య తొమ్మిదంగుళాల ఇటుక. అంతకన్నా దగ్గరగా పాడటం ఇక మాకు రాదని ఇద్దరికీ అర్థమైంది. అర్థమయ్యాక ఇంకా బాగా పాడాం.

పాటలన్నీ అయిపోయాయి. నేను పంటు లెక్కలో మూడు దెబ్బలేశాను.

"అవతలొడ్డెంత దూరమో సెప్పరా బావా?"

ఖాళీ వచ్చింది. వెళ్ళిపోయింది. నేను ఇంకో మూడేశాను. అదీ వెళ్ళింది. మా ఆవిడ గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. క్యాసెట్లలో వాడు వదిలిన ఖాళీలన్నీ కలిపి ముడేసినా అంత పొడుగు ఉండదు. చారు పొంగి పొయ్యి మీద పడింది, ఎవరం కదల్లేదు. నా చేతులు మాత్రం మూడు వేస్తూ ఒకటి వదులుతూనే ఉన్నాయి.

అప్పుడు గోడవతల నుంచి, చాలా చిన్నగా వచ్చింది.

"ఇవతలొడ్డెంత దూరమో అంతేర బావా."

నేను డోలక్ కింద పెట్టి, లేచి, గుమ్మం దాకా వెళ్ళి తొంగిచూశాను. బావ గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. తువ్వాలు నెత్తిమీంచి మొహం కనపడకుండా కప్పుకున్నాడు. కాఫీ తాగలేదు. తర్వాతి ప్రశ్న కోసం ఖాళీ వదిలి, వేళ్ళతో మోకాలి మీద లెక్కపెట్టుకుంటున్నాడు.

పలకరిద్దామనుకున్నాను. లెక్క తప్పుతుందేమోనని, చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్ళి కూర్చుని, రెండో చరణం ఎత్తుకున్నాను.